బదిలీ డబ్బీ

నమోదు 1

కొత్త రూలు వచ్చింది. ఆస్పత్రిలో ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే రాసి పెట్టాలట. ఇన్నేళ్ళూ నోటితో చెప్పినవన్నీ గాలికి పోయాయని కమిటీకి ఇప్పుడు గుర్తొచ్చింది. సరే, రాస్తాను. రాయమన్నారు గానీ ఏది రాయకూడదో చెప్పలేదు కాబట్టి నాకు తోచినవన్నీ రాస్తాను.

నేను భూదేవిని. కొత్తబాయి ఆస్పత్రిలో నర్సును. చంద్రుడి మీద ఉండేదానికి భూదేవి అనే పేరేమిటని పిల్లలు నవ్వుతారు. నేను పుట్టింది ఊళ్ళోనే. మా ముసలివాళ్ళం భూమిని ఇప్పటికీ ఊరు అనే అంటాం. గోదావరి పక్కన బొగ్గుబావుల్లో పనిచేసినవాళ్ళకు సొరంగాలు తవ్వడం చేతనవునని, ఇక్కడ మంచు తవ్వడానికి మావాళ్ళను ఓడలెక్కించి తెచ్చారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చెల్లెలు అంజవ్వ అమ్మ చంకలో ఉంది. గనిని బాయి అనడం, హాజరును మస్టర్ అనడం, ఒకరి డ్యూటీ ఇంకొకరు చెయ్యడాన్ని బదిలీ అనడం, ఈ మాటలన్నీ మావాళ్ళ వెంట ఓడలోనే వచ్చాయి. మామిడికాయ మాత్రం రాలేదు.

ఇవాళ గాలి వడపోసే గుడ్డలు దులపడం నా వంతు. ఎంత జాగ్రత్తగా ఉన్నా బయటి దుమ్ము లోపలికి వస్తూనే ఉంటుంది. దానికి కాల్చిన టపాకాయల వాసన ఉంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అది ఉత్త దుమ్ము. నాకు మాత్రం ఆ గుడ్డ దులిపినప్పుడల్లా దీపావళి మరునాడు మా క్వార్టర్ల ముందు నాయిన కాగితాలు ఊడ్చిన పొద్దు గుర్తొస్తుంది. దులపడం ఆపి నిలబడిపోతాను. వెనక వంతు వాళ్ళు తిడతారు. తిట్టనీ.

ఎల్లుండి డబ్బీల దినం. నలభై ఐదేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ ఏడాదికోసారి తమ మలం పిసరంత డబ్బీలో పెట్టి ఆస్పత్రికి ఇవ్వాలి. పెద్దపేగులో కంటికి కనపడనంత రక్తం పడుతున్నా ఆ పరీక్ష చాలావరకు పట్టేస్తుంది. పట్టిందంటే డాక్టరమ్మ కెమెరా గొట్టంతో లోపల చూస్తుంది. పులిపిరి లాంటి కండ ఏదైనా ఉంటే అక్కడికక్కడే కత్తిరిస్తుంది. వదిలేస్తే అట్లాంటి కండే కొన్నేళ్ళకు కాన్సరు గడ్డ కావచ్చు. విషయం ఇంతే. మనిషి సిగ్గు దీన్ని ఇంత పెద్దది చేసింది.

నమోదు 3, డబ్బీల దినం

పొద్దున కిటికీ తెరిచి కూర్చున్నాను. మధ్యాహ్నానికల్లా డబ్బీలన్నీ వచ్చేశాయి. వచ్చాయనడం కంటే వచ్చి పడ్డాయనాలి. ఒకడు పక్కింటివాళ్ళవి కూడా పోగేసి తెచ్చి పారేసిపోయాడు. ఒకావిడ నేనేదో పెళ్ళిచూపులకు వచ్చినట్టు ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఒకప్పుడు ఈ రోజు ఇట్లా ఉండేది కాదు. మొట్టమొదటి ఏడాది సిగ్గుతో ఒక్కరూ రాలేదు. రెండో ఏడాది మా నాయిన దోస్తు కొమురయ్య ఖాళీ డ్రమ్ము మూత ఒకటి మెడకు తగిలించుకుని, డప్పు కొడుతూ గల్లీ గల్లీ తిరిగాడు. "సిగ్గుపడి సచ్చుడు కన్న నవ్వుకుంట బతుకుడు మంచిది, రాండ్రి!" అని అరిచాడు. ముందు పిల్లలు బయటికొచ్చారు. వాళ్ళ వెనక పెద్దలు వచ్చారు. ఆ మరుసటి ఏటి నుంచి ఆడవాళ్ళు డబ్బీలకు రంగు దారాలు చుట్టడం మొదలుపెట్టారు. వంటగదిలో సర్వపిండి చేసేవాళ్ళు. పల్లీలు వేగిన వాసన గల్లీ చివరిదాకా వచ్చేది. అప్పట్లో వయసు పట్టింపు లేదు, పెళ్ళయినవాళ్ళందరూ ఇచ్చేవాళ్ళు. మా మేనబావ రాజేశం నా చేతిలో డబ్బీ పెడుతూ, "రెండు చేతులతోని పట్టు మరదలా, బరువున్నది" అనేవాడు. "చంద్రుని మీద దేనికీ బరువు లేదు బావా, నీ మాటలకు తప్ప" అనేదాన్ని. లైనంతా నవ్వేది.

ఆ నవ్వులు ఇప్పుడు లేవు. దారం చుట్టేది కూడా మా అంజవ్వ ఒక్కతే. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆమె డబ్బీ ఏటా నా మంచం పక్క గూట్లో ఎర్ర దారంతో ముస్తాబై ఉంటుంది. దాన్ని తీసుకుని వచ్చేటప్పుడు నాకు ఏదో పాత సంబరం తిరిగొచ్చినట్టు ఉంటుంది.

సాయంత్రం రాజేశం బావ ఆస్పత్రికి వచ్చాడు. ఇప్పుడు ఆయన కమిటీ పెద్ద. నా ఈడువాడే, నాతోపాటు అదే ఓడలో వచ్చినవాడే.

"పరీక్ష మందు ఇదే ఆఖరు పెట్టె గదా, భూదేవీ?"

"ఆఖరుదే. వచ్చే ఓడల ఇంకోటి రావాలె."

"వచ్చే ఓడల మామిడి మొక్కలు తెప్పియ్యాలంటున్నరు జనం. మొక్కలు, మట్టి, వాటి పెట్టె. రెంటికి చోటు లేదట."

ఇది అన్యాయం. మామిడి అనే మాటకు నేను ఎదురు చెప్పలేనని ఆయనకు తెలుసు. ఓడెక్కే రోజు బావ లాగు జేబులో పచ్చి మామిడికాయ ఒకటి దాచుకుని తెచ్చాడు. ఉప్పు లేదు, కారం లేదు. దారి పొడుగునా వంతులేసుకుని కొరుక్కుతిన్నాం. పళ్ళు పులిసి అన్నం తినలేకపోతే అమ్మ ఇద్దరినీ కొట్టింది. ఆ తర్వాత మేమిద్దరం మామిడికాయను చూడలేదు. ఇప్పుడు తలుచుకున్నా నోట్లో నీళ్ళూరుతున్నాయి, సిగ్గు లేకుండా.

"ఇరవై ఏండ్లల్ల ఒక్కలన్న పోయిండ్రా పేగు గడ్డతోటి?" అన్నాడు బావ. "డబ్బీల దొరికేటోళ్ళు గూడ ఏడాదికేడాది తక్కువైతున్నరని నువ్వే చెప్తివి. ఇగ దాంతోని ఏం పని?"

"డబ్బీ ఉన్నందుకే పోలేదు బావా. పిల్లి ఉన్నదని ఎలుకలు వస్తలేవు. ఎలుకలు లేవు గదా అని పిల్లికి పాలు బంద్ చేస్తవా?"

"ముసలోళ్ళం అయినం. ఒక్కసారన్న మామిడికాయ తిని పోదాం అంటున్న. గంతే."

వచ్చే వారం సభలో తేలుస్తారట. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదేనని ఆయన వెనక నుంచి అరిచాను. విననట్టే వెళ్ళిపోయాడు.

నమోదు 5

ఈ ఏడు డబ్బీల్లో ఒక్కటే పట్టింది. ఓదెలుది. మంచు బాయిలో డ్రిల్లు నడిపే ఓదెలు, యాభై ఎనిమిదేళ్ళవాడు, ఎద్దులాగా ఉంటాడు. కబురు చెప్పగానే ముఖం పాలిపోయింది. భయపడ్డాడనుకున్నాను.

పేగులు కడిగే మందునీళ్ళు రెండు కూజాలు తాగించాం. ఇక్కడ నీళ్ళంటే ప్రాణం. ఆ రెండు కూజాలకూ, తర్వాతి కడుగుళ్ళకూ కలిపి రెండిళ్ళవాళ్ళు స్నానాల వంతు వదులుకున్నారు. వాళ్ళ సణుగుడు నా చెవిన పడుతూనే ఉంది.

డాక్టర్ సబీహా గొట్టం పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. చిన్నపిల్ల అయినా చెయ్యి నిదానం. వెనక్కి వచ్చేటప్పుడు ఇంకా మెల్లగా చూసింది. "సాఫ్‌గ ఉన్నది భూదేవమ్మా. ఏం లేదు. ఒక్కొక్కసారి గట్లయితది, రక్తం ఇంకెక్కడిదన్న కావచ్చు" అంది.

మస్టర్ దగ్గర అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. ఓదెలు ఉత్త పుణ్యానికి రెండు కూజాలు తాగాడట. భూదేవి డబ్బీలకు ముసలితనం వచ్చిందట. ఎవరన్నారో నాకు తెలుసు. వాళ్ళకు ఈ ఏడు జలుబు చేస్తే నా దగ్గరికే వస్తారు, అప్పుడు చూసుకుంటాను.

నమోదు 6

ఓదెలు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, ఒక ముచ్చట. ఆ డబ్బీ నాది కాకపోతే, అది ఇచ్చిన మనిషికి ఏమైతది?"

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మా దగ్గర ఏ పనికైనా బదిలీ ఉంది. వంటకు, దుమ్ము దులపడానికి, నీళ్ళ కాపలాకు. నా వంతు నువ్వు చెయ్యి, నీ వంతు ఇంకో నాడు నేను చేస్తాను. అది తప్పు కాదు, అట్లాగే ఇన్నేళ్ళూ బతికాం. కానీ డబ్బీకి కూడా బదిలీ పెడతారని నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు.

"నాకు దాన్ని చూస్తే రెండు రోజులు అన్నం సయించదక్కా. అందుకే ఆయనను అడిగిన. ఆయన వంతు గుడ్డలు నేను దులుపుతున్న. నాలుగేండ్ల సంది గిట్లనే నడుస్తున్నది."

"మస్టర్‌కు బదిలీ ఉంటది, పేగుకు బదిలీ ఉంటదార ఓదెలూ?" అని అరిచాను. పక్క గదిలో పట్టీ కట్టించుకుంటున్నవాడు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు వాడు? పేరు చెప్పు."

ఓదెలు తల దించుకున్నాడు. చెప్పడని నాకూ తెలుసు. ఊళ్ళో బొగ్గుబావుల కాలంలో ఒకరి డ్యూటీ ఇంకొకరు చేసినట్టు పైవాళ్ళకు తెలిస్తే ఇద్దరి కొలువులూ పోయేవట. అందుకే పీక మీద కత్తి పెట్టినా బదిలీ పేరు చెప్పేవాళ్ళు కాదు. ఇక్కడ కొలువు తీసే దొరలు లేరు, ఆ కట్టు మాత్రం మిగిలింది. బదిలీ పేరు బయటపెట్టినవాడి ఇంటికి మళ్ళీ ఎవరూ బదిలీకి రారు. జ్వరమొచ్చినా రారు, కాన్పయినా రారు. కొత్తబాయిలో అట్లా బతకడం ఎవరి తరమూ కాదు.

"ఆయన సొంత డబ్బీ మంచిగనే వచ్చింది గదక్కా," అన్నాడు ఆశగా. "మరి ఆయనకు ఏం లేనట్టే గదా?"

"రక్తం రోజూ పడదురా. ఒకనాడు పడ్తది, ఒకనాడు పడది. ఆయన పేరు మీద ఇచ్చిన నాడు పడలేదు, నీ పేరు మీద ఇచ్చిన నాడు పడ్డది. ఇప్పుడు నాకేం లేదని ధీమాగ తిరుగుతుంటడు."

ఓదెలు ఏడ్చాడు. నేను ఆపలేదు.

నమోదు 7

సబీహాతో మాట్లాడాను. మళ్ళీ అందరి డబ్బీలూ తీసుకుందామంటే పరీక్ష మందు అయిపోయింది. ఇచ్చిన డబ్బీలు అప్పుడే కొలిమికి పోయాయి. పోకపోయినా, ఆ పరీక్షకు రక్తం తెలుస్తుంది గానీ మనిషి తెలియడు. పోనీ అందరికీ గొట్టం పెడదామంటే పేగులు కడగడానికి అన్ని నీళ్ళు కొత్తబాయిలో లేవు. ఆ మనిషి తనంతట తాను రావాలి. వేరే దారి లేదు.

మైకులో చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. "ఈ ఏడు ఇంకొకరి పేరు మీద డబ్బీ ఇచ్చినోళ్ళు ఎవ్వరున్నా ఆస్పత్రికి రాండ్రి. తిట్ట. ఎవ్వరికీ చెప్ప" అన్నాను. తిట్టనన్న మాట ఎవరూ నమ్మినట్టు లేరు. రోజంతా ఒక్కరూ రాలేదు.

అమ్మ గుర్తొస్తోంది. మేమొచ్చిన కొత్తలో డబ్బీలు లేవు. అమ్మకు దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడేది. మొలలు అనుకుంది. ఆడదాన్ని, ఎవరికి చెప్పుకోవాలి అనుకుంది. మా దగ్గర కూడా దాచింది. నాయిన ముందు తన జొన్న గట్క మిగిలిస్తే అనుమానం వస్తుందని మా ఇద్దరి గిన్నెల్లో వేసి పంచేది. మాకు ఎక్కువ పెడుతోందని మురిసిపోయాం, అంజవ్వా నేనూ. పడుకునేటప్పుడు ఊరి సంగతులు చెప్పేది. చెరువు గట్టు మీద సీతాఫలాలు, వాన మొదటి చినుకులకు బొగ్గుకుప్పల నుంచి లేచే వాసన. ఆ గొంతు కోసం ఇప్పటికీ చెవి ఒగ్గుతాను.

తెలిసేసరికి గడ్డ పేగు దాటి కాలేయానికి పాకింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరుగులు పెట్టాం. అమ్మ పోయిన ఏడే మా గల్లీలో ఇంకో నలుగురు అదే జబ్బుతో పోయారు. నేను నర్సు పనికి చేరింది ఆ తర్వాతే. డబ్బీలు తెప్పించమని కమిటీ చుట్టూ తిరిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అంజవ్వ మాత్రం అప్పటి నుంచి అమ్మ మాట ఎత్తదు. ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది.

నమోదు 9

ఓదెలు ఆ మనిషి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి బతిమాలాడట. "పో, నీ పిరికితనం నాకంటియ్యకు" అన్నాడట ఆయన. ఆస్పత్రికి వస్తే బదిలీ డబ్బీ సంగతి బయటపడుతుందనీ, తన పరువు పోతుందనీ ఆయన భయం. ఓదెలు ఇదంతా నా కళ్ళలోకి చూడకుండా చెప్పాడు.

ఇవాళ వంట నా వంతు. జొన్న గట్క కలుపుతుంటే బావ వచ్చి ఎప్పట్లాగే అడుగంటిన మాడు ఇవ్వమన్నాడు. ఆయనకు చిన్నప్పటి నుంచీ అదే ఇష్టం. గీకి పెట్టాను. నించునే తింటూ, మామిడి మొక్కలకు చోటు ఎక్కడో వివరంగా చెప్పాడు. రెండో సొరంగం మలుపులో, దీపాల కింద. చెబుతున్నంతసేపూ ఆయన ముఖం ఓడెక్కిన పిల్లవాడి ముఖంలాగే ఉంది. నాకు కోపం రాలేదు. రావాల్సింది గానీ రాలేదు.

ఇక్కడొక మనిషి తిరుగుతున్నాడు, వాడి కడుపులో ఏదో పెరుగుతోంది, ఇప్పుడు తీస్తే బతుకుతాడు. సభలో మామిడి గెలిస్తే వచ్చే ఏడు డబ్బీ ఉండదు, వాడు ఇక దొరకడు. పడుకుంటే ఇదే ఆలోచన.

నమోదు 11, సభ

తిండి గదిలో పెట్టారు. కూర్చునే చోటు చాలక పిల్లలు బల్లలెక్కారు. బావ ముందు కుర్చీలో కూర్చుని నీళ్ళ గ్లాసు పట్టుకున్నాడు.

సబీహా లేచి రెండు ముక్కల్లో చెప్పింది. డబ్బీలు రాకముందు ఎంతమంది పోయారో, వచ్చాక ఎంతమందికి కండ చిన్నగా ఉన్నప్పుడే తీసేశారో చెప్పింది. "ఒక్కసారి ఇచ్చిన డబ్బీ అన్నీ పట్టది. కొన్ని తప్పిపోతయి. ఏటేటా ఇస్తెనే ఒకసారి కాకపోతే ఇంకోసారి దొరుకుతది" అంది. పిల్లలకు ఆ పోయినవాళ్ళు పేర్లు మాత్రమే. కొమురయ్య డప్పు విని డబ్బీ పట్టుకొచ్చినవాళ్ళం గదిలో పదిమందిమి కూడా లేము.

అప్పుడు వెనక నుంచి ఒక పడుచువాడు, "మరి ఓదెలన్న సంగతేంది? పట్టింది అన్నరు, లోపల ఏం లేకపాయె. ఉత్తగనే రెండిండ్ల నీళ్ళు పారబోసిరి" అన్నాడు. గది గొల్లుమంది.

ఓదెలు లేచాడు.

"అది నా డబ్బీ కాదు" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి.

"నాలుగేండ్ల సంది నేను డబ్బీ ఇస్తలేను. బదిలీ ఇప్పిచ్చిన. ఎవ్వరని అడగకుండ్రి, చెప్ప. కానీ పరీక్ష తప్పు కాదు. తప్పు నాది. ఆ డబ్బీ ఇచ్చినాయన ఇక్కడనే ఉన్నడు." ముఖం తుడుచుకున్నాడు. "ఆయన పోతే నేను బతకలేను. లేవమని చెప్పుండ్రి ఎవరన్న."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సగంమంది చూపులు నేలకు దిగాయి. ఇంతమంది ఎందుకు తల దించుకున్నారా అని నేను తెల్లబోయాను. అప్పుడు ముందు కుర్చీ వైపు చూశాను. బావ చేతిలో గ్లాసు ఒరిగిపోయింది. నీళ్ళు మెల్లగా, ఇక్కడ అన్నీ పడేంత మెల్లగా, ఆయన ఒళ్ళోకి జారుతున్నాయి. ఒక్క చుక్క నీళ్ళు వృథా చెయ్యని మనిషి అది చూసుకోలేదు.

"నాదే" అన్నాడు.

ఎవరైనా కావచ్చనుకున్నాను, బావ అనుకోలేదు. మొన్ననే మాడు గీకి పెట్టాను.

ఆయన లేచి నిలబడ్డాడు. తడిసిన లాగుతోనే మాట్లాడాడు. "మామిడి సంగతి పక్కకు పెట్టుండ్రి. ముందుగాల ఇది తేలాలె. డబ్బీకి బదిలీ ఇప్పిచ్చుకున్నోళ్ళు ఇంకెవరెవరున్నరు? పేర్లు రాయం, అడగం. ఉత్తగ లేవుండ్రి. నేను లేవలేదా?"

ముందు ఒక ముసలాయన లేచాడు. తర్వాత ఆయన భార్య. గోడ పక్క నుంచి ఇద్దరు. ఆ తర్వాత బెంచీల చప్పుడు ఆగలేదు. సగం గది నిలబడింది. వయసులో ఉన్న పిల్లలు తమ ఇంటి పెద్దలకు, పక్కింటి పెద్దలకు డబ్బీలు నింపారట. ఏడాదికేడాది దొరికేవాళ్ళు తగ్గుతున్నారని నేను ఎంత గర్వపడ్డానో! ఎందుకు దొరుకుతారు? నా కిటికీలో వచ్చి పడ్డవి పాతికేళ్ళ పిల్లల పేగులు. పరీక్ష బాగానే పనిచేసింది, పరీక్షకు రావాల్సినవాళ్ళే రాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డవాళ్ళను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాను.

మూడో వరుసలో అంజవ్వ నిలబడి ఉంది.

నమోదు 12

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను కొత్తబాయి అంతటికీ మైకులో చెప్పాను, నా పక్క మంచాన్ని అడగలేదు.

"దారం నేనే చుట్టిన అక్కా. లోపలిది పక్కింటి పిల్లది" అంది అంజవ్వ. గోడకు తిరిగి పడుకుని చెప్పింది. "అమ్మకు ఉన్నది నాకూ ఉంటదేమో అని. తెలుసుకుంటే ఆ దినం నుంచే సచ్చిపోయినట్టయితది. తెల్వకపోతే కొన్ని దినాలు మంచిగుంట గదా."

అమ్మ మాట ఆమె నోట విని ఎన్నేళ్ళయిందో. కోప్పడదామని కూర్చున్నదాన్ని ఆమె తల నిమిరాను.

నమోదు 14

బావకు గొట్టం పెట్టారు. పెద్దపేగు మలుపు దగ్గర గడ్డ ఉంది. రేగుపండంత. సబీహా కడుపు కోసి పేగులో ఆ ముక్కంతా తీసేసింది, పక్క గ్రంథులతో సహా. పరీక్ష చేసి చూస్తే కాన్సరే. కానీ పేగు గోడ దాటలేదు, గ్రంథులకు పాకలేదు. "ఇంకో రెండేండ్లు ఆగితే నేను ఏం చెయ్యలేకపోదును" అంది సబీహా.

బావకు మెలకువ వచ్చాక చెయ్యి పట్టుకున్నాను. ఏదో ఎగతాళి మాట అంటాడనుకున్నాను. "ఓదెలును పిలువు" అన్నాడు. వాడు గుమ్మం బయటే కూర్చుని ఉన్నాడు, పొద్దున్నుంచీ.

కమిటీ రాజేశం బావ మంచం చుట్టూ కూడి తేల్చింది. వచ్చే ఓడలో పరీక్ష మందు పెట్టె. మామిడి ఆ తర్వాతి ఓడకు. గొణిగినవాళ్ళు ఉన్నారు, నేనూ లోపల్లోపల గొణిగాను. ఇంకో కొత్త కట్టు కూడా పెట్టారు. దేనికైనా బదిలీ ఉంటుంది, డబ్బీకి మాత్రం ఉండదు. మందు వచ్చేదాకా ఆగకుండా, సభలో నిలబడ్డవాళ్ళకు ముందుగా గొట్టం పెట్టాలని సబీహా అడిగింది. నీళ్ళెట్లా అంటే, ఇళ్ళకు ఇళ్ళు స్నానాల వంతు బదిలీ ఇస్తామని వచ్చాయి. కొత్తబాయి అంతా చెమట కంపు కొడుతోంది. నాకు మా క్వార్టర్లలో షిఫ్టు దిగి వచ్చే నాయిన వాసన గుర్తొస్తోంది, ఏమాత్రం చెడ్డగా లేదు.

నమోదు 19

ఇవాళ అంజవ్వ వంతు.

మందునీళ్ళు తాగుతూ నన్నూ, సబీహానూ, ఈ గొట్టం కనిపెట్టినవాడినీ వాడి ఏడు తరాలనూ తిట్టింది. మత్తు వద్దంది. నిద్ర లేచాక చెబితే నమ్మనంది. బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని, ఒక చేత్తో నా కొంగు పట్టుకుని తెర వంక చూసింది. చిన్నప్పుడు అమ్మ కొంగు అట్లాగే పట్టుకునేది, గుంజి గుంజి చింపేది.

గొట్టం చాలా దూరం పోయింది. ఏమీ లేదు. నేను ఊపిరి వదలబోతుంటే సబీహా చెయ్యి ఆగింది. గులాబీ రంగు గోడ మీద చిన్న కండ, పెసరగింజంత. కాస్త పక్కన ఇంకొకటి.

"గదేంది?" అంది అంజవ్వ.

"ఇదే అంజవ్వా," అంది సబీహా. "ఇది ఇప్పుడు ఏం చెయ్యది. వదిలేస్తే పదేండ్లకు ఏమన్న చెయ్యచ్చు. తీసేస్తున్న, నొప్పి ఉండది."

సన్నటి తీగ ఉచ్చులాగా దాని చుట్టూ పడి బిగిసింది. కండ ఊడి వచ్చింది. రెండోదీ వచ్చింది. ఒక చుక్క రక్తం కూడా సరిగ్గా రాలేదు. సబీహా రెండింటినీ చిన్న సీసాలో వేసి అంజవ్వ కళ్ళ ముందు పెట్టింది. నీళ్ళలో రెండు పలుకులు తేలుతున్నాయి, దగ్గరగా చూస్తేనే గానీ కనపడవు.

అంజవ్వ ఆ సీసాను చాలాసేపు చూసింది. నా కొంగు వదల్లేదు.

"గింత దానికా అక్కా, అమ్మ పోయింది?"

"అవునే," అన్నాను. "గింత దానికే."